సరిహద్దు దాటే వ్యాపారం – 3వ పాఠం: గుమ్మం చేరేసరికి ఎంతవుతుంది?

గత పాఠంలో ఒక పని అప్పజెప్పాను. ప్రపంచం మొత్తానికీ ఒకేసారి తలుపులు తీయకుండా, మీ సైట్‌కి ఇప్పటికే ఎక్కువమంది వస్తున్న ఒక్క దేశాన్ని ఎంచుకోమన్నాను. ఇంకా రెండు మూడు దేశాల మధ్య ఊగుతుంటే కంగారేం లేదు. ఇవాళ వేసే లెక్కతో వాటిలో ఒకటో రెండో వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి.

ఆ లెక్క ఇది: మీ వస్తువు కస్టమర్ చేతిలో పడేసరికి అన్నీ కలిపి ఎంతవుతుంది? వస్తువు ధర, రవాణా, కస్టమ్స్ సుంకం, ఆ దేశపు పన్ను, కొరియర్ కంపెనీ వేసే క్లియరెన్స్ ఫీజు, అన్నీ. దీన్నే ల్యాండెడ్ కాస్ట్ అంటారు. డబ్బు కట్టకముందే ఈ మొత్తం కస్టమర్ కళ్లకి కనపడాలి. ఈ పాఠం మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే.

ఎందుకింత పట్టుదలంటే, మొదట్లో నేను పంపిన ఒక తోలు హ్యాండ్‌బ్యాగు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. పన్ను కడితేనే పార్సిల్ ఇస్తానన్నాడట కొరియర్ అబ్బాయి. ఆర్డర్ పెట్టినావిడ తీసుకోలేదు. "మొత్తం కట్టేశాను కదా, మళ్లీ ఈ డబ్బులేంటి?" అని మెయిల్ పెట్టారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. నేనే చెప్పలేదు. రానూపోనూ ఖర్చు నా నెత్తిన పడింది. అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది, ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఆర్డర్ పెట్టకపోవడం.

ఆ బ్యాగుతోనే లెక్క నేర్చుకుందాం.

ముందు దాని హెచ్‌ఎస్ కోడ్, అంటే అది ఏ రకం సరుకో కస్టమ్స్‌కి చెప్పే అంకెల కోడ్ కనుక్కోవాలి. ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే ఈ వర్గీకరణ 1988 నుంచి అమల్లో ఉంది. మొదటి 6 అంకెలు దీన్ని పాటించే దేశాలన్నిటికీ ఒకటే. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివి. తోలు హ్యాండ్‌బ్యాగు 4202.21 కింద వస్తుంది. అదే ఆకారం, అదే సైజు బ్యాగు బయటి వైపు బట్టతో కుట్టి ఉంటే 4202.22. ఒక్క అంకె తేడాతో సుంకం శాతం మారిపోవచ్చు. అందుకే సరుకు వివరాల్లో ఊరికే "బ్యాగు" అని రాయకండి. దేనితో చేసింది, దేనికి వాడేది, ఎక్కడ తయారైంది, మూడూ రాయండి. "గిఫ్ట్ అని రాసి విలువ తగ్గించండి" అని కొందరు కస్టమర్లే అడుగుతారు. ఒప్పుకోవద్దు. అది తప్పుడు డిక్లరేషన్. పట్టుబడితే జరిమానా పడుతుంది, సరుకూ పోవచ్చు.

తర్వాత బరువు. ఇక్కడ చాలామంది త్రాసు చూసి మోసపోతారు. కొరియర్లు అసలు బరువునీ, పెట్టె పరిమాణాన్ని బట్టి వచ్చే బరువునీ పోల్చి, ఏది ఎక్కువైతే దానికే ఛార్జ్ చేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, ఎక్స్‌ప్రెస్ సర్వీసుల్లో సాధారణంగా 5,000తో భాగిస్తారు. మా బ్యాగు బరువు ప్యాకింగ్‌తో కలిపి 1.2 కిలోలు. దాన్ని 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే 4.8 కిలోలకి కట్టాలి. లోపల సగం గాలే! అదే బ్యాగుని కాస్త మడిచి 32, 26, 10 పెట్టెలో సర్దితే 1.66 కిలోలు. సరుకు అదే, దూరం అదే. ఈ పాఠంలో ఇంకేం చేయలేకపోయినా, ఇవాళే ఒక టేపు తీసుకుని మీ పెట్టెలు కొలవండి.

ఇక పన్ను. కస్టమర్ ఫ్రాన్స్‌లో ఉన్నారనుకోండి. బ్యాగు 200 యూరోలు, రవాణా 30. యూరోపియన్ యూనియన్‌లో సుంకం లెక్కకి రవాణా ఖర్చునీ కలుపుతారు, అంటే 230 మీద. లెక్క తేలిగ్గా ఉండటానికి సుంకం 10 శాతం అనుకుందాం: 23. ఇప్పటికి 253 అయింది. దీని మీద అక్కడి వ్యాట్ (మన జీఎస్టీ లాంటి పన్ను) 20 శాతం: 50.60. మొత్తం 303.60 యూరోలు. 230 చూసి ఆర్డర్ పెట్టినవాళ్లకి గుమ్మంలో ఇంకో 73.60 అడిగితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. అమెరికాలో లెక్క వేరు. అక్కడ సుంకం విలువలో అంతర్జాతీయ రవాణా కలపరు, దిగుమతి మీద వ్యాట్ కూడా ఉండదు.

పాత వ్యాసాలు చదివి లెక్కలు వేయకండి, ఎందుకంటే నియమాలు చాలా మారాయి. యూరోపియన్ యూనియన్ 22 యూరోల లోపు సరుకుకి ఉన్న వ్యాట్ మినహాయింపుని 2021 జూలై 1న ఎత్తేసింది. అప్పుడే 150 యూరోల లోపు పార్సిళ్లకి ఐఓఎస్ఎస్ అనే పద్ధతి తెచ్చింది. అందులో నమోదైతే వ్యాట్‌ని చెకౌట్‌లోనే వసూలు చేయొచ్చు. బయటి దేశాల వ్యాపారులకి చాలావరకు అక్కడో మధ్యవర్తి కావాలి. బ్రిటన్‌లో 135 పౌండ్ల లోపు సరుకుని మీ సొంత సైట్ నుంచి అమ్మితే వ్యాట్ అమ్మేటప్పుడే తీసుకోవాలి, 2021 జనవరి నుంచి అదే నియమం. అమెరికా 800 డాలర్ల లోపు సరుకుకి ఇచ్చిన సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ నిలిపేసింది. కాబట్టి ఆర్డర్లు తెరిచే రోజున ఆ దేశపు కస్టమ్స్ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ఇవన్నీ ఎవరు కట్టాలి? డీడీపీ అంటే సుంకం, పన్ను మీరే కట్టి పంపడం. డీఏపీ అంటే అక్కడ కస్టమర్ కట్టుకోవడం. కొత్తవాళ్లకి నా సలహా డీడీపీయే. డబ్బు మీ జేబులోంచి పోదు, చెకౌట్‌లో విడిగా చూపించి తీసుకుంటారు. కొన్ని కొరియర్లు దీనికి అదనపు ఫీజు అడుగుతాయి, దాన్నీ లెక్కలో వేయండి. డీఏపీ తప్పకపోతే, "సుంకం, పన్ను ఈ ధరలో లేవు; పార్సిల్ వచ్చినప్పుడు మీరు కట్టాలి" అని పే బటన్ పక్కనే, కస్టమర్ చదివే భాషలో రాయండి. నిబంధనల పేజీలో ఏ మూలో పెడితే ఎవరూ చూడరు.

వచ్చే పాఠంలోగా: మీ దగ్గర బాగా అమ్ముడుపోయే మూడు వస్తువులు తీసుకోండి. ఒక్కోదానికి 6 అంకెల కోడ్, పెట్టె కొలతలు, ఎంచుకున్న దేశంలో గుమ్మం దాకా అయ్యే మొత్తం రాయండి. ఆ మొత్తం పక్కన, అలాంటి వస్తువునే అక్కడి దుకాణాలు ఎంతకి అమ్ముతున్నాయో రాయండి. మూడింటిలో ఒక్కటైనా ఆ ధర దగ్గర నిలబడితే, దానితోనే మొదలుపెడదాం. నాలుగో పాఠం కరెన్సీ, పేమెంట్ల గురించి.