బొగ్గు ఓడకి డ్రాఫ్ట్ సర్వే: లెక్క తప్పేది ఎక్కడ

కృష్ణపట్నం రేవులో బొగ్గు ఓడ నీళ్లలో ఎంత లోతు మునిగిందో సరుకు దించకముందు ఒకసారి, దించాక ఒకసారి చదివి, ఆ తేడా నుంచి బరువు రాబట్టడమే డ్రాఫ్ట్ సర్వే. ప్రాక్టికల్స్‌కి వచ్చే మెరైన్ విద్యార్థులకి సూత్రాలు నోటికొచ్చు. తడబడేది గీత చదివే దగ్గర, సాంద్రత కోసం నీళ్లు పట్టే దగ్గర.

ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా కలిపి ఆరు చోట్ల చదవాలి. ఓడ గోడ మీద రాసిన ఒక్కో అంకె ఎత్తు 10 సెం.మీ., రెండంకెల మధ్య ఖాళీ మరో 10 సెం.మీ. కొలత ఎప్పుడూ అంకె అడుగు అంచుదే. 12 మీటర్ల గుర్తు పైనున్న 4 అంకె అడుగును నీళ్లు తాకితే 12.40, అంకె సగం మునిగితే 12.45, నెత్తి దాకా వస్తే 12.50. డెక్ మీంచి వంగి చూసి రాయొద్దు. సముద్రం వైపు పడవలో వెళ్లి, కన్ను నీటిమట్టానికి దగ్గరగా పెట్టి చూడండి. అలలుంటే కనీసం పది అలల ఎత్తూ పల్లమూ రాసుకుని సగటు తీయండి. అంతసేపూ బ్యాలస్ట్ (ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో నింపే నీళ్లు) పంపులు, క్రేన్లు ఆగి ఉండాలి. టీపీసీ (ఓడ ఒక సెంటీమీటరు మునగడానికి పట్టే టన్నులు) 66 ఉన్న ఓడలో ఒక్క సెంటీమీటరు తేడా వస్తే 66 టన్నులు తప్పినట్టే.

గుర్తులు ఉన్నచోటు నుంచి పర్పెండిక్యులర్లకి (ఓడ పొడవుని కొలిచే ఊహా నిలువు గీతలకి) సవరించాక, ముందు 12.10, వెనక 12.40, మధ్య 12.20 వచ్చాయనుకుందాం. ముందూ వెనకా కలిపి సగం చేస్తే 12.25. మధ్య అంతకన్నా తక్కువ ఉందంటే ఓడ నడుము పైకి వంగి ఉంది. అందుకే మధ్య కొలతని ఆరుతో గుణించి, ముందూ వెనకా కలిపి, ఎనిమిదితో భాగిస్తాం: 12.2125. మొదటి లెక్కతోనే ఆగిపోతే దాదాపు 247 టన్నులు ఎక్కువ చూపించేవాళ్లం.

ఇక సాంద్రత. కృష్ణపట్నం కండలేరు క్రీక్ మీదుంది. ఈశాన్య రుతుపవనాల వానల్లో మంచినీళ్లు కలుస్తాయి, పోటుకీ పాటుకీ నీళ్లు మారతాయి. కాబట్టి పొద్దున పట్టిన నీళ్లతో సాయంత్రం లెక్క కట్టకూడదు, డ్రాఫ్ట్ చదివిన వేళే పట్టాలి. సముద్రం వైపు, ఓడ నీళ్లు వదిలే గొట్టాలకి దూరంగా, పై, మధ్య, అడుగు లోతుల్లో తీయండి. పాత్రని అవే నీళ్లతో తొలిచి, గాజు హైడ్రోమీటరుని మెల్లగా వదలండి. కాడ చుట్టూ నీళ్లు కాస్త పైకి పాకుతాయి. ఆ పాకిన అంచు కాదు, అసలు మట్టం చదవాలి. లోడ్‌లైన్‌కి వాడే హైడ్రోమీటరు వేరు, డ్రాఫ్ట్ సర్వేది వేరు. రొయ్యల చెరువు గట్టు మీద ఉప్పు చూసే రిఫ్రాక్టోమీటరు కూడా ఇక్కడ పనికిరాదు: అది నీళ్లలో తేలే బురద బరువుని చూడలేదు. 80,000 టన్నుల డిస్‌ప్లేస్‌మెంట్‌లో (సరుకుతో సహా ఓడ మొత్తం బరువులో) సాంద్రత 0.001 తప్పితే 78 టన్నులు పోతాయి. డ్రాఫ్ట్‌ని బట్టి డిస్‌ప్లేస్‌మెంట్ చూపే ఓడ పట్టికలు సముద్రపు నీటి సాంద్రత 1.025 మీద కట్టినవి, కాబట్టి వచ్చిన డిస్‌ప్లేస్‌మెంట్‌ని అసలు సాంద్రతతో గుణించి 1.025తో భాగించండి.

ట్రిమ్ (ఓడ ముందుకో వెనక్కో వాలి ఉండటం) సవరణలు రెండూ చేయాలి. మొదటిది కలుపుతామో తీసేస్తామో ఎల్‌సీఎఫ్ (ఓడ ముందుకీ వెనక్కీ వాలేటప్పుడు తిరిగే బిందువు) ఎటుందో చూసి తేల్చాలి, రెండోది ఎప్పుడూ కలపడమే.

బొగ్గు దిగాక ఓడ బ్యాలస్ట్ నింపుకుంటుంది. పెద్ద తప్పులన్నీ అక్కడే. వెనక్కి వాలిన ఓడలో ట్యాంకు ముందుభాగాన గాలి చిక్కుకుంటుంది. నిండిందని చెప్పినా, గాలి గొట్టం లోంచి నీళ్లు పొర్లేదాకా నమ్మకండి. సౌండింగ్‌ని (ట్యాంకులో నీళ్ల లోతు కొలతని) ట్రిమ్ సవరించిన పట్టికలోనే చూడండి. బ్యాలస్ట్ నీళ్ల సాంద్రత విడిగా తీయండి, అవి వేరే రేవులో ఎక్కించినవి కావచ్చు.

చివరగా, సరుకు దిగాక వచ్చిన డిస్‌ప్లేస్‌మెంట్ లోంచి బ్యాలస్ట్, ఇంధనం, మంచినీళ్లు, ఖాళీ ఓడ బరువు తీసేస్తే మిగిలేది కాన్‌స్టాంట్, అంటే విడిగా లెక్కకి రాని బరువు. గత ప్రయాణాల కాన్‌స్టాంట్‌లు ఛీఫ్ ఆఫీసరు దగ్గర ఉంటాయి, అడిగి పోల్చుకోండి. వందల టన్నుల తేడా వచ్చినా, మైనస్‌లోకి పోయినా కాగితం మీద సర్దకండి. ముందు బ్యాలస్ట్ ట్యాంకులు, ఆ తర్వాత నీళ్ల శాంపిల్ మళ్లీ చూడండి. సంతకాలు ఆ తర్వాతే.