ఆసుపత్రి ఆవరణను పొగాకు రహితంగా మార్చే విధానం

ముందుగా నిషేధం ఎక్కడి వరకు వర్తిస్తుందో తేల్చుకోవాలి. వార్డుల్లో మాత్రమే నిషేధిస్తే పొగతాగేవారంతా అత్యవసర విభాగం గుమ్మం ముందో, కిటికీల కిందో చేరతారు. అందువల్ల ప్రహరీ లోపలి స్థలమంతా, అంటే మెట్లు, మేడపై భాగం, పార్కింగ్, క్యాంటీన్, ఆసుపత్రి వాహనాలు కూడా నిబంధన కిందికి రావాలి. ఈ-సిగరెట్లను, నమిలే పొగాకును కూడా అందులో స్పష్టంగా పేర్కొనాలి. పొగతాగేవారికి ప్రత్యేక గది కేటాయిద్దామన్న సూచన తప్పక వస్తుంది, దానికి ఒప్పుకోకూడదు. గాలి బయటికి పోయే ఏర్పాట్లు, ప్రత్యేక గదులు ఇతరులను పొగ నుంచి కాపాడలేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 8వ అధికరణపై 2007లో ఆమోదించిన మార్గదర్శకాలు తేల్చి చెప్పాయి.

అమలు తేదీని కొన్ని నెలల ముందే ప్రకటించి, నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు, సెక్యూరిటీ సిబ్బంది ప్రతినిధులతో కమిటీ వేయాలి. ఆవరణలో పొగాకు అమ్మకాలు ఆపించాలి, యాష్‌ట్రేలు తీసేయించాలి, కాంట్రాక్టర్ల ఒప్పందాల్లో ఈ షరతు చేర్పించాలి.

ఇక అసలు పని పడక దగ్గర మొదలవుతుంది. నికోటిన్‌కు అలవాటుపడిన శరీరం అది అందని కొన్ని గంటల్లోనే అల్లాడుతుంది. చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లోపించడం వంటి లక్షణాలు మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రమవుతాయి. ఆ బాధను మొండితనంగా పొరబడి రోగిని మందలించడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం. చేరిన రోజే రక్తపోటు నమోదు చేసినట్లుగా, ఏ రూపంలో పొగాకు వాడతారు, రోజుకు ఎంత, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది అని అడిగి కేస్‌షీట్‌లో రాయాలి. లేచిన అరగంటలోపే కావాలనిపిస్తే అలవాటు బలంగా ఉన్నట్లే. వైద్యుడు పరీక్షించి నికోటిన్ ప్యాచ్‌లు, గమ్ లేదా వరెనిక్లిన్ వంటి మందులు రాయాలి. అవి ఫార్మసీలో రాత్రివేళ కూడా దొరకాలి. మరొక విషయం తరచుగా మరుగున పడుతుంది: పొగలోని కొన్ని రసాయనాలు థియోఫిల్లిన్ (ఉబ్బసానికి వాడేది), క్లోజాపిన్ (తీవ్ర మానసిక వ్యాధికి వాడేది) మందులను కాలేయం త్వరగా విచ్ఛిన్నం చేసేలా చేస్తాయి కాబట్టి, పొగతాగడం ఆపగానే రక్తంలో వాటి స్థాయి పెరుగుతుంది; వైద్యులు దానిని గమనించి సరిచేయాలి. ముందే తేదీ నిర్ణయించిన శస్త్రచికిత్సలైతే, కనీసం నాలుగు వారాల ముందు మానేసినవారిలో గాయం మానడం, శ్వాస సంబంధ సమస్యలు తగ్గడం వంటి మేలు కనిపిస్తుంది గనుక ఓపీలోనే ఆ మాట చెప్పాలి.

సెక్యూరిటీ సిబ్బందికి మాట్లాడే తీరు నేర్పాలి. ఐసీయూ బయట సిగరెట్ వెలిగించిన మనిషి లోపల ఉన్న తనవారి గురించి కుమిలిపోతూ ఉండవచ్చు. "ఈ ఆవరణలో పొగతాగకూడదండీ. ఇబ్బందిగా ఉంటే ఆ కౌంటర్‌లో సాయం చేస్తారు" అన్న రెండు వాక్యాలు చాలు, అయితే ఆ కౌంటర్‌లో నిజంగానే ఎవరో ఒకరు ఉండాలి. వైద్యులకూ ఇదే నియమం, ఇదే చికిత్స. పెద్ద డాక్టరు వెనుక మెట్ల దగ్గర వెలిగిస్తే వార్డ్‌బాయ్‌కి చెప్పే నైతిక హక్కు ఎవరికీ మిగలదు.

ప్రతి వారం సిగరెట్ పీకలు, ఉమ్మిన మరకలు ఎక్కడెక్కడ పడుతున్నాయో లెక్కపెట్టి ఆవరణ పటంపై గుర్తించాలి. వెనుక మెట్ల కింద పీకలు తగ్గకపోతే, వాటికి దగ్గరలోని వార్డులో ప్యాచ్‌లు రోగులకు చేరుతున్నాయో లేదో రాత్రి డ్యూటీ నర్సును అడిగి తెలుసుకోవాలి.