అప్‌డేట్ తర్వాత తెర నల్లబడితే: ఉబుంటులో గ్రాఫిక్స్ డ్రైవర్‌ను సరిచేసే పద్ధతి

అనంతపురంలో ఎండాకాలం మధ్యాహ్నం ఉబుంటు (లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయి, తిరిగి వచ్చాక కంప్యూటర్ నల్లటి తెర దగ్గరే ఆగిపోతే, సిస్టమ్ మొత్తాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర లేదు. చాలాసార్లు కొత్త కెర్నల్‌కు (సిస్టమ్‌లోని ప్రధాన భాగానికి) తగిన ఎన్‌విడియా మాడ్యూల్, అంటే ఆ కంపెనీ గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవర్ భాగం, తయారు కాకపోవడమే ఇందుకు కారణం.

ఆన్ చేసిన వెంటనే ఎస్కేప్, పాత బయోస్ అయితే షిఫ్ట్ నొక్కి గ్రబ్ మెనూ (సిస్టమ్ మొదలయ్యే ముందు వచ్చే ఎంపికల జాబితా) తెరిచి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్‌ను ఎంచుకోవాలి. అదీ పనిచేయకపోతే ‘ఇ’ అక్షరం నొక్కి, ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి ఎఫ్10 నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. తెర తక్కువ రిజల్యూషన్‌లో కనిపించినా కంగారు పడవద్దు.

లోపలికి వెళ్లాక టెర్మినల్‌లో ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ’ ఆదేశాన్ని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఇస్తే, సగంలో ఆగిన ప్యాకేజీల పని పూర్తవుతుంది. తర్వాత ‘ఎల్‌ఎస్‌పీసీఐ -కె’ ఇచ్చి, గ్రాఫిక్స్ కార్డు కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న వరుసలో ‘ఎన్‌విడియా’ ఉందో, ‘నూవో’ (ఎన్‌విడియా కార్డులకు ఉన్న ఓపెన్ సోర్స్ డ్రైవర్) ఉందో చూడాలి. ‘నూవో’ ఉంటే ఎన్‌విడియా సొంత డ్రైవర్ లోడ్ కాలేదని అర్థం.

డ్రైవర్ ఉండి కూడా లోడ్ కాకపోతే సెక్యూర్ బూట్‌ను, అంటే నమ్మకమైన సంతకం లేని మాడ్యూళ్లను అడ్డుకునే రక్షణను, అనుమానించాలి. ఇన్‌స్టాల్ సమయంలో పెట్టుకున్న పాస్‌వర్డ్‌ను, రీబూట్‌లో వచ్చే నీలి తెరపై ‘ఎన్‌రోల్ మాక్’ (డ్రైవర్ సంతకపు తాళాన్ని నమోదు చేసే ఎంపిక) ఎంచుకుని ఇవ్వాలి. ఆ తెర కొద్ది క్షణాలే నిలుస్తుంది కాబట్టి చాలామంది దానిని గమనించకుండానే దాటేస్తారు.

ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్ వాడేవారికి ఈ బాధ తక్కువ. వాటి డ్రైవర్లు కెర్నల్‌లోనూ, మెసా అనే ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ లైబ్రరీలోనూ ఉంటాయి. జీటీ 710 వంటి పాత ఎన్‌విడియా కార్డులకు మాత్రం 470 వరుస డ్రైవరే చివరిది. అంతకంటే కొత్తది వేస్తే పనిచేయదు.