నలభై జతల ఎడ్లు, ఒక్క పనిరోజు: ఎడ్ల రైతుల కలయిక జరిపే తీరు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల్లో ఎడ్లకు పండుగ కొత్త కాదు. పొలాల అమావాస్యకు కొమ్ములకు రంగులు పూస్తాం, వీపు మీద రంగుల గుడ్డ కప్పుతాం, భక్ష్యాలు తినిపిస్తాం. అది ఎడ్లకు మొక్కే రోజు. ఇక్కడ చెప్పేది ఎడ్లతో పనిచేస్తూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునే రోజు గురించి. ఊరేగింపులో జత అందం కనిపిస్తుంది. కాడి మెడ మీద ఎక్కడ కూర్చుంది, ఏ ఎద్దు బరువు మోస్తోంది, ఏది తప్పించుకుంటోంది అన్నది నాగలి కట్టి పది చాళ్ళు దున్నితేనే తెలుస్తుంది. అందుకని కలయికకు ముందు వెతకాల్సింది దున్నడానికి వీలైన నేల. వేదిక, మైకు తర్వాత చూసుకోవచ్చు.

రోజు ఎంచుకోవడం

సంక్రాంతి దాటి శివరాత్రి లోపు మంచిది. పత్తి ఏరడం చాలావరకు అయిపోతుంది, ఎండ ముదరదు. చెరకు బండ్లకు పోయినవాళ్ళు అప్పటికి తిరిగి రారు. వాళ్ళు కూడా కావాలంటే ఉగాది ముందటి వారం పెట్టుకుని, పని మొత్తం పొద్దున 11 లోపు ముగించాలి. బరువు లాగే పశువుల విషయంలో 1965 నాటి కేంద్ర నియమాలు స్పష్టంగా ఉన్నాయి. రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా 5 గంటలు దాటకూడదు, వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కాడి కట్టకూడదు. మొన ఉన్న ముల్లుకర్ర కూడా నిషేధమే. పిలిచేటప్పుడే ఈ మాట చెప్పాలి. గేటు దగ్గర ముల్లుకర్రలు లాక్కుంటే పొద్దున్నే తగువు మొదలవుతుంది.

ఎడ్లు నడిచి వచ్చే దూరం 10, 12 కిలోమీటర్లు మించనివ్వకండి. బండి కట్టిన జత గంటకు 3, 4 కిలోమీటర్లు నడుస్తుంది. మూడు గంటలకు మించి నడిచి వచ్చిన ఎద్దు ఆ పొద్దు దున్నే స్థితిలో ఉండదు. నలభై జతలు చాలు. అంతకు మించితే నీళ్ళ దగ్గరా కట్టుకొయ్యల దగ్గరా అదుపు తప్పుతుంది.

నేల, పదును

మన నల్లరేగడి జనవరికి నెర్రెలు బారి రాయిలా ఉంటుంది. అందులో నాగలి దింపితే పెళ్ళలు లేస్తాయి, కర్రు వంగుతుంది, ఎడ్ల మెడలు కమిలిపోతాయి. సోయా కోసి ఖాళీగా ఉంచిన ఎకరం నేల చూసుకుని 8 నుంచి 10 రోజుల ముందు ఒక తడి ఇవ్వాలి. బావి దూరమైతే అర ఎకరానికే ఇవ్వండి. పదును, అంటే దున్నడానికి తగిన తేమ, వచ్చిందో లేదో చూడటానికి నాలుగు అంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి వదలండి. ఉండ పగిలి పొడిపొడిగా విడిపోతే పదును కుదిరినట్టు. చదునుగా అణిగిపోతే ఇంకా తడి ఎక్కువ, రెండు రోజులు ఆగాలి. అసలు ఉండే కట్టకపోతే పదును దాటిపోయింది.

జొన్న కోసిన చేను మాత్రం వద్దు. తడి పెట్టిన వారానికే మోళ్ళ నుంచి పిలకలు లేస్తాయి, ఖాళీగా నిలబడ్డ ఎద్దు వాటినే కొరుకుతుంది. లేత పిలకల్లో సైనైడు విషం ఉంటుంది. దాన్నే నాము అంటాం. నాము తగిలిన ఎద్దు గంటలోపే పడిపోవచ్చు. డాక్టరు సోడియం థయోసల్ఫేట్ సూది వేస్తే బతుకుతుంది కానీ అంతలో డాక్టరు దొరకాలి.

దున్నే నేలను 20 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు మడులుగా సున్నంతో గీసి, రెండు చివరలా ఎడ్లు తిరగడానికి 6 మీటర్లు వదలండి. ఈ తిరిగే చోటు ఇరుకైతే ఎడ్లు కాడి మెలిపెడతాయి, మెడ దెబ్బతినేది అక్కడే.

రోగం రాకుండా

2022 సెప్టెంబరులో ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) వచ్చినప్పుడు మహారాష్ట్రలో పశువుల అంగళ్ళన్నీ మూసేశారు. నలభై ఊళ్ళ ఎడ్లు ఒకచోట చేరడమంటే ఏ రోగానికైనా అదే అదను. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, ముద్దచర్మ టీకా ఏడాదికోసారి పడాలి. వేసిన మర్నాడే రక్షణ రాదు, మూడు వారాలు పడుతుంది. కాబట్టి కలయికకు కనీసం 21 రోజుల ముందు టీకా పడిన ఎద్దునే రానివ్వండి. చెవి పోగు మీది 12 అంకెల నంబరు పుస్తకంలో రాసుకుంటే రేపు ఎక్కడైనా రోగం బయటపడినప్పుడు ఎవరెవరికి కబురు పెట్టాలో తెలుస్తుంది.

దారిలో 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 4 అంగుళాల లోతు గుంట తీసి టార్పాలిన్ పరవండి. దానికి దాదాపు 470 లీటర్ల నీళ్ళు పడతాయి. నూటికి నాలుగు పాళ్ళ లెక్కన 19 కిలోల చాకలి సోడా కలపాలి. గాలికుంటు క్రిమి గిట్టల మీద, బండి చక్రాల మీద వస్తుంది, సోడా నీళ్ళకు చస్తుంది. మెరిసే నీళ్ళలో ఎద్దు కాలు పెట్టదు, పైన గడ్డి చల్లితే నడుస్తుంది. ముద్దచర్మానికి ఈ గుంట పనికిరాదు, అది ఈగలు, దోమలు, గోమార్ల వల్ల అంటుతుంది. ఒంటి మీద గడ్డలున్న ఎద్దును, చొంగ కారుస్తూ కుంటుతున్న ఎద్దును ఎవరిదైనా సరే వెనక్కి పంపాలి. ఆ మాట చెప్పడానికి ఊరి పెద్దను కాకుండా పశువైద్యుణ్ణి నిలబెట్టండి.

తెలంగాణలోని మద్నూర్, బాసర, బోథ్ వైపు నుంచి లారీల్లో తెచ్చేవాళ్ళు ఆరోగ్య పత్రం, గ్రామ పంచాయతీ రాసిచ్చిన కాగితం, తిరిగి వచ్చే తేదీ దగ్గర ఉంచుకోవాలి. 2015 నుంచి మహారాష్ట్రలో ఎద్దుల వధ కూడా నిషేధం కావడంతో రాష్ట్రం దాటే ఎడ్ల లారీని ఆపి అడగడం మామూలే. లారీకి ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు.

కట్టు, నీళ్ళు, మేత

జతకు 12 అడుగులు, 10 అడుగులు చోటు. వరుసల మధ్య బండి పోయేంత దారి. వలపటెద్దును వలపటే (కుడి పక్క), దాపటెద్దును దాపటే (ఎడమ పక్క) కట్టాలి. తారుమారు చేస్తే అలవాటు లేక పొద్దంతా తలలు ఊపుతూ మేత ముట్టవు. విత్తులు కొట్టని కోడెలను దూరంగా, గాలి వీచే దిక్కుకు కింద వైపు కట్టండి. ఎదకొచ్చిన ఆవు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. డీజే, టపాకాయలు పూర్తిగా వద్దు.

ఎద్దుకు రోజుకు 50 లీటర్ల లెక్కన 80 ఎడ్లకు 4000 లీటర్లు. 5000 లీటర్ల ట్యాంకరు ఒకటి సరిపోతుంది. ఒకే తొట్టి పెట్టకండి, ఒకరి ఎద్దు నోటి చొంగ ఇంకొకరి ఎద్దుకు పోతుంది. ఎవరి బకెట్టు వాళ్ళు తెచ్చుకోవడం మేలు. ఎండు జొన్న సొప్ప ఎద్దుకు 8 నుంచి 10 కిలోలు. అలవాటు లేని దాణా ఒక్క పూటలో ఎక్కువ పెడితే కడుపు ఉబ్బుతుంది. ఆతిథ్యం చూపాలనుకునే ఊరివాళ్ళకు ఇది గట్టిగా చెప్పాలి.

కాడి దగ్గర

రోజు మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడ. ఒక వడ్రంగి, రెండు మూడు తేలిక కలప దుంగలు, బాడిస, చిత్రిక, టేపు ఉండాలి. వచ్చిన ప్రతి జత మెడ తడిమి చూడండి. వెంట్రుక ఊడి చర్మం గట్టిపడితే కాడి ఒక్కచోటే ఒరుస్తోందని అర్థం. మెత్తగా వాచి వేడిగా ఉంటే ఆ ఎద్దుకు ఆ రోజు కాడి లేదు. కాడి మెడను తాకే చోటు అరచేయి వెడల్పుకు తగ్గకూడదు, అంచులు గుండ్రంగా ఉండాలి. సన్నని గుండ్రటి వెదురు కాడి తేలికే కానీ బరువంతా ఒక గీత మీద పడుతుంది. వాన నీటికి నానిన మెడ మీద అది రెండు రోజుల్లో పుండు చేస్తుంది. పుండు మానకుండా గుడ్డ చుట్టి కట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. గుడ్డ తడిసి ముడతలు పడి ఇంకా కోస్తుంది.

అంతరకృషికి, అంటే పంట వరుసల మధ్య కలుపు తీసే దంతె పనికి, కాడి పొడవు వరుసను బట్టి ఉండాలి. దంతె ఒక సందులో నడిస్తే ఎడ్లు దాని ఇరుపక్కల సందుల్లో నడవాలి, అంటే రెండు మెడల మధ్య దూరం వరుస దూరానికి రెట్టింపు. పత్తి 90 సెంటీమీటర్లయితే 180, సోయా 45 అయితే 90. దుక్కి కాడితోనే పత్తిలో దంతె తోలితే ఎద్దు మొక్కల మీద నడుస్తుంది. తప్పు ఎద్దుది అనుకుని దాన్ని కొడతాం.

జతలో ఒకటి బలహీనమైతే నాగలి కట్టే గాటును బలమైన ఎద్దు వైపు జరపండి. మెడల మధ్య 120 సెంటీమీటర్లున్న కాడిలో 5 సెంటీమీటర్లు జరిపితే నూటికి 54 పాళ్ళ బరువు బలమైనది లాగుతుంది, 46 పాళ్ళు రెండోది. రెండు గాట్లు అదనంగా కొట్టించుకోవడం పావుగంట పని.

ఎంత లాగగలదు

ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో కొలిచి దాన్ని దానితోనే హెచ్చించి, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా ఉన్న పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే ఎద్దు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 70, పొడవు 58 అయితే దాదాపు 430 కిలోలు. ఎద్దు గంటలకొద్దీ నిలకడగా లాగేది తన బరువులో పదో వంతు, మహా అయితే ఎనిమిదో వంతు. అలాంటి జతకు 86 నుంచి 107 కిలోలు. గొలుసుతో లాగే ఇనుప నాగలికి మధ్యలో 200 కిలోల స్ప్రింగు కాటా కట్టి దున్నించండి. ముల్లు ఆ లెక్క దాటుతూనే ఉంటే లోతు తగ్గించాలి, లేదా రెండు జతలు కట్టాలి. రేగట్లో ఇనుప నాగలికి మూడు నాలుగు జతలు కట్టిన పాత పద్ధతి వెనుక ఉన్న లెక్క ఇదే. అరిగిన కర్రు, సానపట్టిన కర్రు రెండింటితో ఒకే మడిలో దున్ని కాటా చదివితే కొలిమి పని విలువ ఎవరికీ వివరించక్కర్లేదు. కట్టె నాగలికి లోతు పెంచాలంటే కాడిని నాగలికి దూరంగా, తగ్గించాలంటే దగ్గరగా కట్టాలి. చాలు వెడల్పు 20 సెంటీమీటర్లయితే ఎకరం దున్నడానికి ఎడ్లు 20 కిలోమీటర్లు నడుస్తాయి. ఎకరం ఒక్క రోజులో అయిపోవాలని పంతం పట్టేవాళ్ళకు ఈ లెక్క చెప్పండి.

పోటీ పెట్టాలనుకుంటే చాలు నేరుగా ఉందా, లోతు ఒకేలా ఉందా, ఎద్దుపై చేయి వేయకుండా మాటతో తిప్పారా అన్న మూడింటికే మార్కులు. పరుగు పందెం వేరే సంగతి, దానికి కలెక్టరు అనుమతి కావాలి. పైగా పందెం ఉంటే జనం దానికే వస్తారు, మడుల దగ్గర ఎవరూ మిగలరు.

నాడలు కొట్టేవాళ్ళను ఒకరిని పిలవండి. పడవేసే ఎద్దుకు పొద్దున మేత పెట్టకూడదు, నేల మెత్తగా ఉండాలి, 20 నిమిషాలు మించి పడుకోబెట్టకూడదు. మేకు మొన గిట్ట గోడ నుంచి బయటికి రావాలి. లోపలికి దిగితే నెత్తురు వస్తుంది, కుంటు మొదలవుతుంది.

పనిముట్ల పేర్లు బోర్డు మీద రెండు భాషల్లో రాయండి: గుంటుక వఖర్, గొర్రు తిఫణ్, దంతె డవరా, కాడి జూ. పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎడ్ల పనిముట్ల మీద పని జరిగింది, సగ్రోళీ కృషి విజ్ఞాన కేంద్రం బిలోలి తాలూకాలోనే ఉంది. నెల ముందు ఉత్తరం రాస్తే పనిముట్లు తెప్పించుకునే వీలుంటుంది.

ఒంటెద్దు పట్టిక

ఒక ఎద్దు చచ్చిపోయి, రెండోది కొనలేక మిగిలిన ఒంటెద్దును కూడా అమ్మేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇలాంటి రోజున అన్నిటికంటే విలువైన పని వాళ్ళను కలపడం. వచ్చినవాళ్ళ దగ్గర ఊరు, మూపురం దగ్గర ఎత్తు, వయసు తెలిపే పళ్ళు, వలపటా దాపటా, ఎన్నాళ్ళు కావాలి అన్నవి రాసుకోండి. ఎత్తులో రెండు అంగుళాలకు మించి తేడా ఉండకూడదు. వేగం పళ్ళకంటే ముఖ్యం. కలిపిన జతను అక్కడే అరగంట ఖాళీ కాడితో నడిపించి, తర్వాత గుంటుక కట్టి చూడాలి. ఒకటి మాటిమాటికీ వెనకబడితే ఆ జత కుదరదు, మొహమాటపడి ఒప్పుకోవద్దు. విత్తే అదును ఇద్దరికీ ఒకేసారి వస్తుంది కనుక ఎవరి చేను ముందు, మేత ఎవరిది, మందు ఖర్చు ఎవరిది అన్నది అప్పుడే కాగితం మీద రాయించాలి. తొలకరి వానలో మాట్లాడుకుందాం అనుకున్న జతలు ఆ వానలోనే విడిపోతాయి.

మధ్యాహ్నం రొట్టె, పప్పు తిన్నాక కొత్త పని పెట్టకండి. 3 గంటలకు దూరపు ఊళ్ళవాళ్ళు కాడి కట్టాలి, జనవరిలో 6 దాటితే చీకటి. వెళ్ళేటప్పుడు మళ్ళీ సోడా గుంటలోంచే పోవాలి. తర్వాత 14 రోజులు ఏ ఎద్దుకు జ్వరం వచ్చినా ఫోన్ చేయమని పుస్తకం ఎవరి దగ్గరుందో వాళ్ళ నంబరు ఇచ్చి పంపండి. పేడ మొత్తం నేల ఇచ్చిన రైతుకే.