సాగిపోయిన క్రిస్మస్ స్టార్ మళ్లీ బిగిసింది

డిసెంబర్‌లో మా గుమ్మానికి కట్టే స్టార్ ఇంట్లోనే చేస్తాం. పది వెదురు బద్దలతో రెండు నక్షత్రాలు కట్టి, కొసలు కలిపి, మధ్యలో ఐదు పొట్టి పుల్లలు నిలబెడితే ఉబ్బెత్తుగా వస్తుంది. పోయినేడు గాలిపటం కాగితం రెండో రోజుకే మంచుకి సాగి వేలాడింది. చాలా బాధేసింది.

ఈసారి మైదా జిగురు పలచగా ఉడికించి బద్దలకే రాశాను. కాగితం అతికి ఆరాక, తడిగుడ్డ గట్టిగా పిండి పైపైన అద్దాను. రంగు కాగితమైతే రంగు దిగుతుంది, అందుకే తెల్లదే తీసుకున్నాను. ముందు ముడతలు పడేసరికి టెన్షన్ వచ్చింది. ఆరేకొద్దీ బిగుసుకుని, గోటితో మీటితే డప్పులా టప్‌మంది! మంచు పడకుండా చూరు కిందికి మార్చాను. లోపల 60 వాట్ల బల్బు తీసేసి 5 వాట్ల ఎల్ఈడీ పెట్టాను. పాతది కాగితాన్ని కమిలించేది.