పశువుకు టీబీ పరీక్ష: సూది ఎత్తే ముందు

☐ ముందుగా క్యాలెండర్ చూడండి. సూది వేసిన చోట చర్మం ఎంత వాచిందో కొలిచి ఫలితం చూసేది 72 గంటల తర్వాత. గురువారం సూది వేస్తే ఆదివారం కొట్టం దగ్గర ఉండాల్సింది మీరే. మొదట చర్మం మందం కొలిచినవారే మళ్లీ కొలవడం మంచిది, చేయి మారితే కొలతా మారుతుంది.

☐ రైతును అడగాల్సినవి: ఈ మధ్య ట్యూబర్‌క్యులిన్ (టీబీ క్రిముల నుంచి తీసిన ప్రొటీన్ మందు) పరీక్ష జరిగిందా? కనీసం 42 రోజుల ఎడం కావాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పడ్డాయా? ఆవు ఈని ఎన్నాళ్లయింది? ఈనిన మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో జబ్బు ఉన్నా వాపు రాకపోవచ్చు. బాగా ముదిరి చిక్కిపోయిన పశువుదీ అదే తంతు, నెగెటివ్ చూసి మురిసిపోవద్దు.

☐ ఇయర్ ట్యాగ్ నంబర్ రాసుకోండి. నల్ల గేదెలు పది వరుసగా నిలబడితే మూడో రోజు ఏది ఏదో పోల్చలేం.

☐ మెడ మధ్యలో ఒకదానికొకటి 12 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో రెండు చోట్ల వెంట్రుకలు కత్తిరించండి. అక్కడ పాత గడ్డలు, గాయాలు ఉండకూడదు. చర్మం మడత మందాన్ని కాలిపర్‌తో కొలిచి సూదికి ముందే రాయాలి. అంకె లేకపోతే పరీక్షే లేనట్టు.

☐ బొవైన్ (పశువుల రకం), ఏవియన్ (పక్షుల రకం) ట్యూబర్‌క్యులిన్ మందులకు వేర్వేరు సిరంజీలు, వాటిపై గుర్తులు. ఒక్కో చోట 0.1 మి.లీ., చర్మం పొరల్లోకే. వేలితో తడిమితే బఠాణీ గింజంత బుడిపె తగలాలి.

☐ పశువును ట్రెవిస్‌లో (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం) గట్టిగా కట్టించండి. దగ్గే పశువు ముందు మాస్కు తప్పదు.

☐ ఫలితం వచ్చేదాకా పచ్చిపాలు ఎవరూ తాగొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి.