విశాఖలో శరత్కాలం: ఇంట్లో చదువుకునే పిల్లలతో ఏం చేయాలి, ఎలా చేయాలి?

సెప్టెంబరు వచ్చిందంటే చాలు, హోమ్‌స్కూలింగ్ కోసం ఇంటర్నెట్‌లో దొరికే వర్క్‌షీట్లన్నీ ఒకటే పాట పాడతాయి. ఎర్రటి మేపుల్ ఆకులు ఏరండి, గుమ్మడికాయ చెక్కండి, యాపిల్ తోటకు వెళ్లండి. ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో ఉండే పిల్లలకు ఇవి రంగులేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో విశాఖలో మారేవి వేరే ఉన్నాయి: ఎండ వాలు, చందమామ, ఆటుపోట్లు, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు. వీటన్నిటినీ దాదాపు పైసా ఖర్చు లేకుండా కొలవచ్చు.

ముందుగా ఒక మాట. వారానికో కొత్త క్రాఫ్టు పెట్టుకోకండి. రెండు నెలల పాటు అదే పని మళ్లీ మళ్లీ చేసి, అంకెలు మారడం కళ్లారా చూస్తేనే ఋతువు మారడమంటే ఏమిటో పిల్లలకు పట్టుబడుతుంది. కింద చెప్పినవాటిలో మొదటి మూడూ అలాంటివే. మిగతావి వీలును బట్టి.

1. మేడ మీద నీడ కర్ర

కావలసినవి: సరిగ్గా మీటరు పొడవున్న కర్ర, సుద్దముక్క, టేపు, దారం, గడియారం.

ఎండ పడే చోట కర్రను ఇసుక నింపిన బకెట్‌లో నిలబెట్టండి. నేల నుంచి కర్ర కొస దాకా మీటరు ఉండాలి కాబట్టి, కర్రను బకెట్ అడుగు తాకేదాకా దించండి. దారానికి చిన్న రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర నిటారుగా ఉందో లేదో తెలిసిపోతుంది. ఉదయం 11.20 నుంచి 12.05 వరకు ఐదేసి నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దతో చుక్క పెట్టి, పక్కన టైము రాయమనండి. అన్నిటికంటే పొట్టి నీడ ఎప్పుడు పడిందో అదే అసలు మధ్యాహ్నం. ఆ నీడను కొలిచి రాసుకోవాలి. వారానికోసారి, అదే చోట, ఇదే పని.

మొదటి ఆశ్చర్యం గడియారం దగ్గరే ఎదురవుతుంది. పొట్టి నీడ పన్నెండింటికి పడదు. సెప్టెంబరు 23 ప్రాంతంలో సుమారు 11.49కి, నవంబరు మొదటి వారంలో సుమారు 11.40కి పడుతుంది. దేశమంతటికీ గడియారం నడిపించే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర నుంచి పోతుంది. విశాఖ దానికి తూర్పున, 83.3 డిగ్రీల మీద ఉంది కాబట్టి సూర్యుడు మనకు మూడు నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. మిగతా తేడా భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి అచ్చమైన వృత్తం కాకపోవడం వల్లా, దాని ఇరుసు వాలి ఉండడం వల్లా వచ్చేది. ఎనిమిదేళ్ల పిల్లకు ఇదంతా వివరించనక్కర్లేదు. "గడియారం తప్పా, సూర్యుడు తప్పా?" అని అడిగి వదిలేయండి, వారం రోజులు ఆ ప్రశ్న ఇంట్లో తిరుగుతుంది.

నీడ పొడవు ఇంకా బాగా మారుతుంది. మీటరు కర్రకు సెప్టెంబరు 23న 32 సెంటీమీటర్లు, అక్టోబరు మధ్యకి దాదాపు 49, నవంబరు మధ్యకి 73, డిసెంబరు 21కి 87. ఈ అంకెలు పిల్లలకు ముందే చెప్పకండి, మీరు సరిచూసుకోవడానికే. చిన్నవాళ్లయితే ప్రతివారం నీడంత దారం కత్తిరించి చార్టు మీద పక్కపక్కన అతికిస్తే, ఎవరూ నేర్పకుండానే గ్రాఫ్ తయారవుతుంది. తొమ్మిది, పది తరగతుల వాళ్లు సెప్టెంబరు 23 నాటి నీడను కర్ర పొడవుతో భాగించి, ఏ కోణానికి టాన్ విలువ అంత వస్తుందో చూస్తే 17.7 డిగ్రీలు వస్తుంది. అదే విశాఖ అక్షాంశం. మబ్బు పట్టిన రోజు గడి ఖాళీగా వదలాలి. అంచనా వేసి నింపే అలవాటు చేయకండి.

2. చందమామ, సముద్రం

తూర్పు సముద్రం ఉన్న ఊరికి ఉన్న అదృష్టం ఇది. ఆశ్వయుజ పౌర్ణమి నాడు సూర్యుడు అస్తమించే వేళకు కాస్త అటూఇటూగా చంద్రుడు నీళ్లలోంచి పైకొస్తాడు. ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని మొదటి అంచు కనిపించిన టైము రాయించండి. తర్వాతి రోజుల్లో మేడ మీది నుంచే చూడొచ్చు. రోజుకు ముప్పావు గంట అటూఇటూగా ఆలస్యమవుతూ పోతాడు. అట్లతద్ది సరిగ్గా ఈ వరుసలోనే, బహుళ తదియ నాడు వస్తుంది. చంద్రుణ్ణి చూశాకే అట్లు తినాలన్న నియమం ఉన్న ఇంట్లో ఆ రోజు ఎంతసేపు ఎదురుచూడాలో పిల్లలనే లెక్కకట్టమనండి. ఆకలి మీద చేసిన లెక్క మరచిపోరు.

ఇప్పుడు దీన్ని ఆటుపోట్లతో కలపాలి. పాటు, అంటే నీళ్లు బాగా వెనక్కి తగ్గే వేళ, ఏ టైముకు ఉంటుందో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ముందే ప్రకటిస్తుంది. వరసగా వారం రోజుల టైములు రాయిస్తే, పాటు కూడా చంద్రుడిలాగే రోజురోజుకీ ఆలస్యమవుతోందని పిల్లలే కనిపెడతారు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర నీళ్లు మామూలు కంటే ఎక్కువ వెనక్కి పోతాయి. తెన్నేటి పార్కు కింద రాళ్లు బయటపడేది అప్పుడే.

ఆ రాళ్ల మధ్య నిలిచిన నీళ్ల దగ్గర కదలకుండా పది నిమిషాలు కూర్చోబెట్టండి. మొదట ఏమీ కనిపించదు. తర్వాత ఖాళీ అనుకున్న శంఖం నడవడం మొదలుపెడుతుంది, లోపల పీత కాపురం ఉంటుంది. రాతికి మెత్తగా అంటుకున్న పువ్వులాంటిది సీ ఎనిమోన్. నీళ్లు కదిలినా ముడుచుకుపోతుంది. మొన తెగిన శంకువుల్లా గరుగ్గా ఉండేవి బార్నకిల్స్. నీళ్లు పోగానే తలుపులు మూసుకుని మళ్లీ పోటు వచ్చేదాకా అలాగే ఉంటాయి. బొమ్మ గీయడం, రాసుకోవడం మాత్రమే. ఏదీ ఇంటికి తేకూడదు, ఎత్తిన రాయిని ఎత్తినట్టే మళ్లీ పెట్టాలి.

జాగ్రత్తలు: జారని చెప్పులు, ఇద్దరు పిల్లలకో పెద్దమనిషి. పాటుకు గంట ముందు దిగి, పాటు టైముకల్లా పైకి వచ్చేయాలి. మన తీరంలో నీళ్లు లోపలికి బలంగా లాగుతాయి. మోకాలి లోతు కూడా వద్దు. వాయుగుండం ఉందన్న రోజున బీచ్ మాటే ఎత్తొద్దు.

3. వాన కొలత, తుఫాను పటం

రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాను మెడ వంపు మొదలయ్యే చోట కోసి, పై ముక్కను గరాటులా తలకిందులుగా అందులోనే పెట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ఆ గుంటలు మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టండి. అక్కడి నుంచి మిల్లీమీటర్ల స్కేలు అతికించండి. గాలికి పడకుండా ఇటుకల మధ్య ఉంచి, రోజూ ఉదయం 8.30కి చూడండి. వాతావరణ శాఖ వాళ్లు కూడా వానను ఆ టైముకే కొలుస్తారు, మీ అంకెను పేపర్లో వచ్చినదానితో పోల్చుకోవచ్చు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వంద చదరపు మీటర్ల మేడ మీద 20 మిల్లీమీటర్లు పడితే రెండు వేల లీటర్లు. అదంతా ఎటు పోయిందని అడిగితే పిల్లలు కాలువ వెంట నడుస్తారు.

వాయుగుండం పుట్టిందని తెలియగానే గ్రాఫ్ పేపరు తీయండి. అడ్డంగా 78 నుంచి 94 తూర్పు రేఖాంశాలు, నిలువుగా 8 నుంచి 22 ఉత్తర అక్షాంశాలు. విశాఖను 17.7, 83.3 దగ్గర గుర్తించండి. వాతావరణ శాఖ ప్రతి బులెటిన్‌లో తుఫాను కేంద్రం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో ఇస్తుంది. వాటిని చుక్కలుగా పెట్టి కలుపుతూ పోవాలి. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. దాన్నిబట్టి ఎంత వేగంగా కదులుతోందో లెక్కకట్టొచ్చు. రేపు ఎక్కడుంటుందో పెన్సిల్‌తో ఊహించి, మర్నాడు అసలు చుక్క పెట్టడం చదరంగం కంటే ఆసక్తిగా సాగుతుంది.

ఇక ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు హుద్‌హుద్ గురించి తెలియకపోతే లోటే. 2014 అక్టోబరు 12న అది విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ పేరు ఒమన్ సూచించినది, అదొక పిట్ట పేరు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నో, పక్కింటి మామ్మగారినో పిల్లలే కూర్చోబెట్టి అడగాలి: గాలి మధ్యలో ఆగిందా? మళ్లీ ఏ వైపు నుంచి కొట్టింది? ఏ చెట్లు పడ్డాయి? నీళ్లెలా తెచ్చుకున్నారు? తుఫాను కన్ను దాటుతున్నప్పుడు గాలి ఒక్కసారిగా సద్దుమణిగి, తర్వాత ఎదురు దిక్కు నుంచి మొదలవుతుందని పుస్తకంలో చదవడం ఒకటి, "ఆగిపోయిందనుకుని బయటికొచ్చాం" అని చూసినవాళ్ల నోట వినడం ఇంకొకటి. విన్నది వాళ్ల మాటల్లోనే, యాసతో సహా రాయమనండి. తెలుగు వ్యాసానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

పండగలు, పళ్లు: త్వరగా అయ్యేవి

దీపావళి సాయంత్రం గోగు కర్రలకు కట్టిన దివిటీలు తిప్పుతూ పిల్లలు పాడే "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" ఒక క్యాలెండర్ పాఠం. అమావాస్య తర్వాత ఎన్నో రోజున చవితి అని అడగండి. నాగులచవితికి పుట్ట దగ్గరికి వెళ్లినప్పుడు, దాన్ని కట్టింది పాములు కాదు చెదపురుగులని చెప్పండి. పాము పాలు తాగదన్న సంగతీ చెప్పొచ్చు. అమ్మమ్మ ఎదురుగా చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఏజెన్సీ నుంచి సీతాఫలాలు రైతు బజార్లకు వచ్చేది ఇప్పుడే. కాయను చూసి లోపల గింజలెన్నో ఊహించి, తిన్నాక లెక్కపెట్టించండి. గింజలను మాత్రం నూరనివ్వకండి, ఆ పొడి కంట్లో పడితే ప్రమాదం.

ఏటికొప్పాక వెళ్లగలిగితే బొమ్మలు కొనడంతో సరిపెట్టకుండా, తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనించే క్షణం చూపించండి. పొయ్యి లేదు, మంట లేదు, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి రంగు పరుచుకుంటుంది.

దూరం వెళ్లగలిగితే

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలను వానలు తగ్గిన వెంటనే చూడాలి. నీళ్లు మట్టిని ఎలా కోశాయో ఆ గాడుల్లో అప్పుడే స్పష్టంగా కనిపిస్తుంది. అంచులెక్కనివ్వకండి, మట్టి తేకండి.

వలిసె పూల కోసం నవంబరులో అరకు వెళితే ఒక థర్మామీటరు, గాలి నిండిన చిప్స్ ప్యాకెట్ ఒకటి తీసుకెళ్లండి. బయల్దేరే ముందు, ఘాట్ మధ్యలో, పైన సుమారు 900 మీటర్ల ఎత్తులో, మూడు చోట్లా నీడలోనే ఉష్ణోగ్రత రాయించండి. ప్యాకెట్ ఉబ్బడం ఎక్కడ మొదలైందో వెనక సీట్లో కూర్చున్నవాళ్లే చెప్పాలి, అది పైకెళ్లే దాకా దాన్ని తెరవకుండా ఆపడం మీ పని. పూలలోకి దిగే ముందు రైతును అడగండి. అవి నూనెగింజల పంట.